పది మైకులున్న గదిలో

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు చేసే పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు, కాకపోతే మా అందరికీ అర్థమయ్యేలా మాట్లాడు" అన్నారు. నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనిని ఒక్క ముక్కలో చెప్పాలంటే అది మైక్‌సెట్టు పని. సమావేశ మందిరాలకు, ఆడిటోరియాలకు సౌండ్ సిస్టమ్ డిజైన్ చేసి, అమర్చి, తర్వాత దాని బాగోగులు చూస్తుంటాను. ఇంజనీరింగ్ చదివిస్తే చివరికి మైక్‌సెట్టు పెట్టుకున్నాడేమిటని మా నాన్నగారు చాలా కాలం బాధపడ్డారు.

ఈ ఉదయం నుంచి ఈ హాల్లో మైకు ఎన్నిసార్లు కుయ్యిమని కూసిందో మీరంతా విన్నారు. నేను లెక్కపెట్టాను. ఏడుసార్లు. లెక్కపెట్టడం నా వృత్తిలో అంటుకున్న జబ్బు. మూల కూర్చుని మిక్సర్ చూసుకుంటున్న ఆ కుర్రాడిని మాత్రం ఎవరూ ఏమీ అనకండి. వేదిక మీద ఆరు మైకులు ఒకేసారి తెరిచి ఉంచమన్నది మనమే. ఆరు మైకులు తెరిచి ఉంచితే ఏమవుతుంది, దానికి మందేమిటి, ఆ మందు సరిగా వెయ్యకపోతే ఎవరికి నష్టం అన్నవే ఈ రోజు నేను చెప్పదలుచుకున్న సంగతులు. ఆ నష్టం ఒకసారి నా చేతుల మీదుగానే జరిగింది. అది కూడా చెబుతాను.

ముందు మన బడి సంగతితో మొదలుపెడతాను. మా రోజుల్లో పంద్రాగస్టుకు ఒక్కటే మైకు ఉండేది. హెడ్మాస్టరుగారు మాట్లాడి పక్కకు తప్పుకుంటే, తర్వాతివారు దాని ముందుకు వచ్చేవారు. పొట్టివాళ్లం మడమలెత్తి నిలబడేవాళ్లం. ఒక్క మైకు కాబట్టి గోల ఉండేది కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వార్షికోత్సవానికి ఒక సాంఘిక నాటిక వేశాం. ఎనిమిది పాత్రలు, వేదిక ముందు వరసగా నాలుగు మైకులు. మొదటి రంగంలోనే మైకులు కూత పెట్టాయి. మైక్‌సెట్టు ఆయన సౌండ్ తగ్గిస్తే వెనక కూర్చున్నవాళ్లు "వినపడట్లేదు" అని అరిచారు. పెంచితే మళ్లీ కూత.

అప్పుడు మన తెలుగు మాస్టారు ఒక పని చేశారు. నాటిక రాతప్రతి పట్టుకుని వెళ్లి మైక్‌సెట్టు ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నారు. ఏ డైలాగు ఏ మైకు దగ్గర వస్తుందో ఆయనకు తెలుసు. డైలాగు వచ్చే ముందు మైక్‌సెట్టు ఆయన భుజం మీద తట్టి, "ఇప్పుడు మూడోది", "ఇప్పుడు ఒకటోది" అని చెబుతూ పోయారు. ఆయన ఆ మైకు పెంచి తక్కినవి దించేవాడు. మిగతా నాటిక చీమ చిటుక్కుమంటే వినపడేంత బాగా సాగింది. నా జీవితంలో నేను చూసిన మొదటి మైక్ మిక్సింగ్ అదే.

ఇక అసలు విషయం. మైకు ఎందుకు కూస్తుంది? మన గొంతు మైకులోకి వెళ్లి, ఆంప్లిఫయర్‌లో పెరిగి, స్పీకర్‌లోంచి హాల్లోకి వస్తుంది. అందులో కొంత తిరిగి మైకులోకే వెళుతుంది. మళ్లీ పెరుగుతుంది, మళ్లీ వస్తుంది. ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం తగ్గుతూ పోతే మనకు ఏమీ తెలియదు. ఏదో ఒక్క స్వరానికి ఆ తగ్గడం ఆగిపోతే, అది తనంతట తానే పెరుగుతూ పోయి కూతగా మారుతుంది. ఇంజనీర్లం దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం.

ఒక మైకు తెరిచి ఉంటే ఇలాంటి దారి ఒకటే. రెండు మైకులు తెరిస్తే రెండు దారులు. దీనికి ఒక లెక్క ఉంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపు అయినప్పుడల్లా, కూత రాకుండా ఉండాలంటే మొత్తం సౌండును 3 డెసిబెల్స్ తగ్గించుకోవాలి. డెసిబెల్ అన్న మాటకు భయపడకండి. 3 డెసిబెల్స్ అంటే శక్తిలో రెట్టింపు, 10 డెసిబెల్స్ అంటే పది రెట్లు, అంతే. రెండు మైకులకు 3, నాలుగింటికి 6, ఎనిమిదింటికి 9, పదింటికి 10 డెసిబెల్స్ తగ్గించాలి. 6 డెసిబెల్స్ తగ్గించడమంటే ఏమిటో చూడండి. ఒక్క మైకు ఉన్నప్పుడు రెండు అడుగుల దూరంలో నిలబడి మాట్లాడినా వినిపించిన మనిషి, నాలుగు మైకులు తెరిచి ఉంటే ఒక్క అడుగు దూరానికి రావాలి. మా నాటికలో ఎవడూ అంత దగ్గరికి రాలేదు. రాజావారి వేషం వేసినవాడికి మీసం మైకుకు తగులుతుందని భయం.

కూత ఒక్కటే కాదు, ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒక మనిషి గొంతు రెండు మైకుల్లోకి వెళితే, దూరంగా ఉన్న మైకుకు కాస్త ఆలస్యంగా చేరుతుంది. ధ్వని 34 సెంటీమీటర్లు పోవడానికి ఇంచుమించు ఒక మిల్లీసెకండు పడుతుంది. ఆ చిన్న తేడాతో రెండూ కలిసినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. అందుకే బల్ల మీద బారులు తీరిన మైకుల మధ్య మాట్లాడే మనిషి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. మా వృత్తిలో దీనికో చిట్కా ఉంది. నోటికీ మైకుకీ ఒక అడుగు దూరం ఉంటే, ఆ మైకుకీ పక్క మైకుకీ కనీసం మూడు అడుగులు ఉండాలి. బల్ల చిన్నదై మనుషులు ఎక్కువైనప్పుడు ఈ చిట్కా ఎలాగూ సాగదు.

కాబట్టి మందు ఏమిటంటే, మాట్లాడుతున్న మైకు ఒక్కటే తెరిచి ఉండాలి, తక్కినవి దిగి ఉండాలి. నాటికలో తెలుగు మాస్టారు చేయించింది అదే. కానీ ఆయన చేతిలో రాతప్రతి ఉంది. పంచాయతీ సమావేశానికి, రైతుల సభకు, బోర్డు మీటింగుకు రాతప్రతి ఎక్కడుంటుంది? తర్వాత ఎవరు నోరు విప్పుతారో మాట్లాడేవాడికే తెలియదు. ఎంత చురుకైన ఆపరేటరయినా, ఫలానావారు మాట్లాడుతున్నారని తెలుసుకుని చెయ్యి కదిపేసరికి వారి మొదటి మాట పోతుంది. అందుకని ఈ పనిని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన వచ్చింది. దాన్నే ఆటోమేటిక్ మైక్ మిక్సింగ్ అంటారు.

ఎవరికైనా మొదట తట్టే ఉపాయం గేటు. ప్రతి మైకుకూ ఒక తలుపు పెడతాం. దానికి ఒక గడప ఎత్తు నిర్ణయిస్తాం. ఆ ఎత్తు దాటి శబ్దం వస్తే తలుపు తెరుచుకుంటుంది, దాని కంటే తగ్గితే మూసుకుంటుంది. వినడానికి చాలా సబబుగా ఉంది కదా? నేనూ అలాగే అనుకున్నాను. ఈ ఉపాయంలో ఉన్న చిక్కు నాకు పుస్తకాల్లో తెలియలేదు. ఒక పెద్దాయన వల్ల తెలిసింది.

2000 దాటిన తొలి ఏళ్లలో ఒక సమావేశ మందిరానికి నేను సౌండ్ సిస్టమ్ పెట్టాను. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పను, తప్పు వాళ్లది కాదు కనుక. బల్ల చుట్టూ పదహారు మైకులు, ప్రతిదానికీ గేటు. మాట్లాడిందంతా రికార్డు అవుతుంది, ఆ రికార్డు విని గుమాస్తా మినిట్స్ రాస్తాడు. గదిలో రెండు ఏసీలు, పైన ఫ్యాన్లు. వాటి మోతకు గేట్లు ఊరికే తెరుచుకుంటున్నాయని నేను గడప ఎత్తు పెంచాను. మాట ఆగాక తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలన్న సమయాన్ని బాగా తగ్గించాను. పరీక్షకు నేనే కూర్చుని, "హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అన్నాను. అద్భుతంగా పనిచేసింది. బిల్లు కూడా వచ్చేసింది.

కొన్ని నెలల తర్వాత ఏడాది మెయింటెనెన్స్ పని మీద అక్కడికి వెళ్లాను. ఆ రోజు సమావేశం ఉంది. ఒక కాలవ మరమ్మతుల గురించి రైతులు, అధికారులు కూర్చున్నారు. ముందుగా కిందటి సమావేశం మినిట్స్ చదివారు. అందులో, రెండో పంట వదులుకోవడానికి ఫలానా ఊరి రైతుల తరఫున పెద్దాయన అంగీకరించారు అని ఉంది. ఆ పెద్దాయన బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడ్డారు. "నేనలా అనలేదు బాబూ" అన్నారు. అధికారి మర్యాదగానే, "రికార్డు ఉందండీ, వినిపిస్తాం" అన్నారు. వినిపించారు. రికార్డులో ఆయన గొంతు స్పష్టంగా ఉంది: "మరమ్మతులు చేసుకోండి. రెండో పంట వదులుకోడానికి మేం ఒప్పుకున్నట్టు". అక్కడితో ఆగింది. తర్వాత పక్క మైకులోంచి ఎవరిదో వేరే మాట.

పెద్దాయన ఒక్క క్షణం నిర్ఘాంతపోయారు. తర్వాత మెల్లగా, "ఒప్పుకున్నట్టు కాదు అన్నాను. కాదు అన్న మాట నా నోట్లోంచి వచ్చింది. మీ పెట్టెలోకి రాలేదేమో" అన్నారు.

ఆ మాట అంటున్నప్పుడు నేను ఆయన గొంతు విన్నాను. "ఒప్పుకున్నట్టు" అన్న తర్వాత ఊపిరి తీసుకున్నారు. "కాదు" అన్న మాట దాదాపు గొంతులోనే అన్నారు. నాకు అర్థమైపోయింది. ఆ ఊపిరి తీసుకునేంతలో నా గేటు మూసుకుంది. ఆ మెల్లని "కాదు" నేను పెంచిన గడప దాటలేకపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం మన భాష గురించి చెప్పాలి. తెలుగు మాస్టారు ఉంటే బాగా చెప్పేవారు. ఇంగ్లిష్‌లో "నాట్" అన్న మాట సాధారణంగా వాక్యం మధ్యలోనే వచ్చేస్తుంది. తెలుగులో అవునా కాదా అన్నది చాలాసార్లు ఆఖర్న తేలుతుంది. ఇస్తాం, ఇవ్వం. అభ్యంతరం ఉంది, అభ్యంతరం లేదు. ఒప్పుకున్నట్టే, ఒప్పుకున్నట్టు కాదు. మాట్లాడేవాడికి ఊపిరి అయిపోయి గొంతు దిగేది కూడా ఆ ఆఖర్నే. గేటు కొరికేసేది సరిగ్గా ఆ చివర్నే. మొదట్లో కూడా కొంత కొరుకుతుంది. "సరే" అంటే "రే" అని వినిపిస్తుంది, ఎందుకంటే "స" చాలా తేలికైన అక్షరం, తలుపు తెరుచుకునేలోపే అది వెళ్లిపోతుంది. కానీ మొదలు పోతే నవ్వుకుంటాం. చివర పోతే అర్థమే తలకిందులవుతుంది.

ఆ రోజు పెద్దాయన పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు, "మేం విన్నాం, ఆయన కాదనే అన్నారు" అన్నారు. అధికారి కూడా మంచివారు, మినిట్స్ సరిదిద్దించారు. కానీ నేను మీ ముందు ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ నలుగురిలో లేచి నిలబడి, "తప్పు పెద్దాయనది కాదు, నాది" అని నేను అనలేదు. గోడ పక్కన స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడిపోయాను. కాంట్రాక్టు పోతుందని భయం. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆఫీసు గదిలో అధికారికి మాత్రం జరిగింది చెప్పాను. ఆయన, "మరి బాగుచెయ్యండి" అన్నారు, అంతే. పెద్దాయనకు మాత్రం చెప్పలేకపోయాను. మళ్లీ ఆయన కనబడలేదు. పక్కవాళ్లు వినకపోయి ఉంటే ఆ ఊరికి ఒక పంట నీళ్లు పోయేవి, ఒక పెద్దమనిషి మాట తప్పినవాడయ్యేవాడు.

ఆ వారమే ఆ గేట్లు సరిచేశాను. గడప దించాను. మాట ఆగాక తలుపు అర సెకండు దాకా తెరిచి ఉండేలా పెట్టాను. మూసుకున్నా పూర్తిగా మూసుకోకుండా సౌండ్ కొంత దిగి ఊరుకునేలా చేశాను. ఆఖరున మాట్లాడినవారి మైకు, ఇంకొకరు మాట్లాడేదాకా తెరిచే ఉండేలా అమర్చాను. గేటు పద్ధతిని మంచిగా వాడదలుచుకున్నవాళ్లు చేసేవి ఇవే. ఈ సౌకర్యాలన్నీ ఆ పెట్టెలో మొదటినుంచీ ఉన్నాయి. వాడుకోనిది నేను. అయినా నా మనసు కుదుటపడలేదు. గడప ఎంత దించినా గడప గడపే. ఇంత గట్టిగా మాట్లాడితేనే నీ మాట లెక్క అని మనిషికి షరతు పెట్టడమే అందులో ఉంది. ఆ షరతు లేని పద్ధతి ఉందా అని వెతికాను. ఉంది. ఎప్పటినుంచో ఉంది.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన డాన్ డూగన్ అనే ఆయన నాటకాలకు సౌండ్ చేసేవారు. 1960ల చివర్లో "హెయిర్" అనే సంగీత నాటకానికి పనిచేసినప్పుడు, వేదిక మీద ఎన్నో మైకులను ఒకేసారి చూసుకోవడం ఆయనకూ తలనొప్పి అయింది. అంటే మన వార్షికోత్సవంలో మైక్‌సెట్టు ఆయన పడిన పాట్లే. దానికి విరుగుడు వెతుకుతూ, కొన్నేళ్ల ప్రయోగాల తర్వాత ఒక పద్ధతి కనిపెట్టి, 1975లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో దాని మీద వ్యాసం రాశారు. 1976లో అమెరికాలో పేటెంటు వచ్చింది. 1975 అంటే మన సంఘం పుట్టిన ఏడాది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు కానీ, ఈ సభలో ఆ మాట చెప్పుకోవడం నాకు ముచ్చటగా ఉంది.

డూగన్ పద్ధతిలో గేటు లేదు, గడప లేదు. వాటాలు మాత్రమే ఉన్నాయి. ఉమ్మడి కుటుంబంలో ఒకటే కుండ అన్నం ఉందనుకోండి. మొత్తం ఎప్పుడూ ఒక కుండే, పెరగదు, తరగదు. ఎవరి ఆకలిని బట్టి వారికి వడ్డిస్తారు. అలాగే ఇక్కడ మొత్తం సౌండ్ ఎప్పుడూ ఒక్క మైకు తెరిచినంతే. ప్రతి మైకులోకి వస్తున్న శబ్దం, అన్ని మైకుల్లోకి వస్తున్న మొత్తం శబ్దంలో ఎన్నో వంతో యంత్రం ఎడతెగకుండా లెక్కవేస్తూ ఉంటుంది. ఆ వంతును బట్టి ఆ మైకు వాటా.

లెక్కతో చెబుతాను, నాలుగు మైకులు తీసుకుందాం. ఒకరు మాట్లాడుతున్నారు, వారి మైకులో నూటికి 97 పాళ్ల శక్తి, తక్కిన మూడింటిలో ఒక్కో పాలు. మాట్లాడేవారి మైకు పూర్తిగా తెరిచి ఉన్నట్టే. తక్కినవి ఒక్కొక్కటి 20 డెసిబెల్స్ దిగిపోతాయి. ఇద్దరు సమానంగా మాట్లాడితే ఇద్దరికీ చెరి సగం, అంటే ఇద్దరూ 3 డెసిబెల్స్ దిగుతారు. అది చెవికి పెద్ద తేడా కాదు, ఇద్దరి మాటా వినిపిస్తుంది. ఎవరూ మాట్లాడకపోతే నాలుగింటికీ నాలుగో వంతు, తలా 6 డెసిబెల్స్ కింద ఉంటాయి. అంతా కలిపితే గది మోత ఒక్క మైకులో వినిపించినంతే. కూత రాదు, గది ఉన్నట్టుండి మూగబోదు, తలుపులు టపటపా కొట్టుకున్న చప్పుడుండదు. మైకులు నాలుగైనా నలభై అయినా లెక్క ఇదే.

ఇప్పుడు ఆ పెద్దాయన "కాదు" సంగతి చూడండి. ఆయన గొంతు దిగిపోయింది, నిజమే. కానీ ఆ క్షణంలో గదిలో ఇంకెవరూ మాట్లాడటం లేదు. కాబట్టి ఆయన మైకులో ఉన్న ఆ కాస్త గొంతే అందరికంటే పెద్ద వాటా తెచ్చుకుంటుంది. ఏసీల మోత కలిసి ఆ వాటా కొంత తగ్గవచ్చు, కానీ సున్నా మాత్రం కాదు. గేటు మనిషిని ఒక గీతతో పోలుస్తుంది. వాటాల పద్ధతి గదిలో ఉన్న మిగతావాళ్లతో పోలుస్తుంది. మెల్లగా మాట్లాడేవాడికి గీత దాటడం కష్టం. తక్కినవాళ్లు నిశ్శబ్దంగా ఉంటే మాత్రం అతని గుసగుస కూడా ఆ గదిలో పెద్ద గొంతే.

ఆ మందిరంలో పాత పెట్టె మార్చే రోజు వచ్చినప్పుడు నేను ఈ పద్ధతి ఉన్నదాన్నే పెట్టాను. ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు మధ్యరకం డిజిటల్ మిక్సర్లలో కూడా చాలావాటిలో ఆటోమిక్స్ అనే సదుపాయం వస్తోంది. కొన్నిచోట్ల అది ఉందని ఎవరికీ తెలియక, నొక్కకుండా వదిలేస్తారు. ఇదీ దాని కథ.

అయితే ఇదేదో సర్వరోగ నివారిణి అని మిమ్మల్ని మభ్యపెట్టను. ఇది మీ మాట వినదు, మోత వింటుంది. దగ్గు వస్తే దగ్గుకు వాటా ఇస్తుంది. మైకు మీద కాగితాలు రెపరెపలాడిస్తే వాటికీ ఇస్తుంది. ఒక మైకు నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే, అందరూ ఊరుకున్నప్పుడు ఆ ఫ్యానే మాట్లాడుతున్నదనుకుంటుంది. మొదట అన్ని మైకులనూ సమానంగా సరిచూసుకోకపోతే వాటాలు తప్పుతాయి. మొత్తం సౌండే మితిమీరి పెంచితే ఒక్క మైకయినా కూస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు గట్టిగా అరిస్తే, అరిచినవాడికే పెద్ద వాటా పోతుంది. దానికి యంత్రంలో మందు లేదు. ఆ మందు అధ్యక్షుడి స్థానంలో కూర్చున్నవారి చేతిలో ఉంది.

ఆ మందు నేను మొదట చూసింది ఈ బడిలోనే. మా తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. లెక్కల్లో మాకంటే దిట్ట, కానీ నోరు విప్పితే మాట తడబడేది, గొంతు బయటికి వచ్చేది కాదు. చాలామంది మాస్టర్లు, "గట్టిగా చెప్పరా, వినపడట్లేదు" అనేవారు. వాళ్లను తప్పుపట్టను, అరవై మంది పిల్లలున్న తరగతి. ఆ మాట వినగానే వాడు కూర్చునేవాడు. లెక్కల మాస్టారు మాత్రం వాణ్ని గట్టిగా చెప్పమని ఎప్పుడూ అనలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, అరచెయ్యి మా వైపు చాపి, మెల్లగా కిందికి దించేవారు. ఆ చెయ్యి దిగుతుంటే తరగతి మొత్తం దిగేది. బయట వేపచెట్టు మీద కాకి గొంతు కూడా వినిపించేది. అప్పుడు వాడు చెప్పేవాడు. వాడు మధ్యలో ఆగినా మాస్టారు అందుకునేవారు కాదు. ఆఖరి మాట దాకా ఆగేవారు. "అయిందా నాన్నా?" అని అడిగి, అప్పుడు బోర్డు వైపు తిరిగేవారు.

మాస్టారూ, మీరు ఇక్కడే వేదిక మీద కూర్చున్నారు. డూగన్‌గారు అన్నేళ్ల ప్రయోగాలతో సాధించిన పని మీరు అరచేత్తో చేశారు. అది అప్పుడు నేను చూశాను కానీ నేర్చుకోలేదు. నేర్చుకుని ఉంటే ఆ మందిరంలో గడప ఎత్తు పెంచేవాణ్ని కాదు, ఆ రోజు సభలో గోడ పక్కన నిలబడిపోయేవాణ్ని కాదు.

ముగించే ముందు ఒక పని మాట. స్వర్ణోత్సవ నిధిలో కొంత ఈ హాలుకు కొత్త సౌండ్ సిస్టమ్ కోసం తీశారని ఉదయం అధ్యక్షులవారు ప్రకటించారు. అమర్చే పని నాకు ఇవ్వండి, కూలి తీసుకోను. నావి మూడు షరతులు. మొదటిది, డబ్బుంది కదా అని మైకులు ఎక్కువ కొనవద్దు. కావలసినన్నే కొని, నోటికి దగ్గరగా పెట్టాలి. రెండోది, స్పీకర్లు మైకుల వెనక ఉండకూడదు. మైకులకు ముందుగా, జనం వైపు తిరిగి ఉండాలి. ఇప్పుడున్నవి మన వీపులకు పాడుతున్నాయి, ఈ రోజు ఏడు కూతల్లో సగం ఆ పుణ్యమే. ఆటోమిక్స్ ఉన్న మిక్సర్ తీసుకోండి, దాన్ని వాడటం ఇద్దరు టీచర్లకు, నలుగురు పిల్లలకు నేను నేర్పుతాను.

మూడో షరతు ముఖ్యమైనది. అంతా అయ్యాక దాన్ని పరీక్షించేది నేను కాదు, హెడ్మాస్టరుగారూ కాదు. మా గొంతులకు ఏ మైకయినా పలుకుతుంది. ఈ బడిలో అందరికంటే మెల్లగా మాట్లాడే పిల్లనో పిల్లవాణ్నో పిలవండి. అలాంటివారు ఎవరో ప్రతి తరగతి టీచరుకూ తెలుసు. ఆ పిల్లను వేదిక మీద నిలబెట్టి, "హలో హలో" అని కాకుండా ఒక పూర్తి వాక్యం చెప్పించండి. అది "కాదు" తోనో "లేదు" తోనో ముగియాలి. నేను హాల్లో ఆఖరి వరసలో, గుమ్మం పక్కన నిలబడతాను. ఆ ఆఖరి మాట నాకు వినపడితేనే పని అయినట్టు. అప్పటిదాకా అవ్వనట్టే.